మొలలని ఎవరు తేల్చిండ్రు?

ఈసారి కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ దిగి, స్నానం చేసి, తిన్నాక చదవండి. తింటూ చదవకండి, ఇది దొడ్డికి పోయే సంగతి.

మన గ్రూపుల్లో మొలల పొడి మెసేజ్ ఒకటి తిరుగుతోంది. ఈ నెలలోనే నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. ఎంత పాత మొలలైనా 11 రోజుల్లో మాయమట, డాక్టర్ అక్కర లేదట, ఆపరేషన్ అక్కర లేదట. కింద మనవాళ్ళ కామెంట్లు చూస్తే భయమైతున్నది. "అన్నా నాకొక డబ్బా." "నాకు రెండు, ఏడాది నుంచి నెత్తురు పడుతున్నది." "మా రూంల ముగ్గురికి కావాలె." ఏడాది నుంచి నెత్తురు పడుతున్నోడు పొడి అడుగుతున్నడు. లీవు మీద ఊరికి పోయినోడు తెస్తానంటున్నడు. ఒక్కడంటే ఒక్కడు కూడా, డాక్టర్‌కు చూపించినవా అని అడగలేదు.

పొడి మంచిదా చెడ్డదా అనే పంచాయితీ నాకొద్దు. నేను అడిగేది వేరే. మీకున్నవి మొలలే అని ఎవరు తేల్చిండ్రు?

అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "తేల్చేదేమున్నది అన్నా, నెత్తురు పడుతున్నది కదా." నెత్తురు పడితే మొలలు. ఈ లెక్క మన ఊర్లల్ల పుట్టింది, మనతోపాటు విమానం ఎక్కి ఇక్కడికి కూడా వచ్చింది. ఎండల పని, నీళ్ళు తక్కువ, మెస్‌లో కారం కూర, వేడి చేసింది, మొలలు లేచినయ్. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో, తగ్గుతది. మన తెలుగోళ్ళకు తలనొప్పి వచ్చినా వేడి చేసుడే, కళ్ళు మండినా వేడి చేసుడే. మిగతా వాటి సంగతి ఏమో గానీ, దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుడు దగ్గర ఈ వేడి మాట మనుషులను తింటున్నది.

ఉన్నది ఉన్నట్టు చెప్తా. నెత్తురు పడేటోళ్ళలో ఎక్కువమందికి మొలలో, అక్కడ చర్మం చీలుడో అయ్యుంటది. మలబద్ధకం ఉన్నోళ్ళకు, బరువులు మోసేటోళ్ళకు అది మామూలే. కానీ అదే నెత్తురు పేగు లోపల పుండు పడినా పడుతది. జిగట విరేచనాలైనా పడుతది. పెద్దపేగు లోపలి గోడకు కండ మొలిచినా, ఆ కండ క్యాన్సర్‌గా మారినా పడుతది. బకెట్లో చూస్తే అన్నిటి రంగూ ఎరుపే. ఇది మొల నెత్తురు, ఇది పేగు నెత్తురు అని దాని మీద రాసి ఉండదు. ఇంకోటి కూడా వినండి. మొలలు నిజంగా ఉన్నోడికి పేగు క్యాన్సర్ రావద్దని రూల్ లేదు. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. మొలలు కనిపించినయి కాబట్టి ఇంక లోపల చూడక్కర లేదు అనుకునుడు కూడా మోసమే.

మనం బిల్డింగులు కట్టేటోళ్ళం కదా, మన భాషలో చెప్తా. మూడో ఫ్లోర్ సీలింగ్ నుంచి నీళ్ళు కారుతున్నయి అనుకోండి. పైన బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ పోయిందా, పైపు జాయింటు లీకా, ఏసీ డ్రెయిన్ జామ్ అయిందా? సీలింగ్ తెరిచి చూడకుండా, "ఇది ఏసీ నీళ్ళే సార్" అని మరక మీద పెయింట్ కొడితే కన్సల్టెంట్ ఊకుంటడా? అదే రోజు ఎన్‌సీఆర్ రాసి మొత్తం పగలగొట్టిస్తడు. జిప్సం బోర్డుకు ఉన్నంత విలువ మన పేగుకు లేదా?

ఈ రోగం ఎట్ల నడుస్తదో తెలుసుకుంటే నా కోపం మీకు అర్థమైతది. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు రాత్రికి రాత్రి వచ్చేది కాదు. ముందు పేగు గోడకు చిన్న పుట్టగొడుగు లాంటి కండ లేస్తది. దాన్ని పాలిప్ అంటరు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవి కూడా చాలావాటికి 10 ఏళ్ళు, అటూ ఇటూ పడుతది. అంటే మనం ఇక్కడ నాలుగైదు ప్రాజెక్టులు చేసి, నాలుగైదు సార్లు వీసా కొట్టించుకున్నంత కాలం అది లోపల పెరుగుతా ఉంటది. ఆ మధ్యలో ఎప్పుడు చూసినా దొరుకుతది. కొలనోస్కోపీ అనే పరీక్షలో సన్నటి కెమెరా గొట్టం లోపలికి పంపి చూస్తరు, పాలిప్ కనిపిస్తే చాలాసార్లు అప్పుడే తీగ ఉచ్చు వేసి కోసేస్తరు. కడుపు కోసేది లేదు, కుట్లు లేవు. క్యాన్సర్ కాబోయేది క్యాన్సర్ కాకముందే పోతది. మనిషికి వచ్చే క్యాన్సర్లలో ఇంత టైం ఇచ్చేది ఎన్ని ఉన్నయి చెప్పండి? ఇంత టైం ఇచ్చినదానికి మనం పొడి కలుపుకుంటున్నం.

ఇక క్యాన్సర్ అయినాక కూడా ఎప్పుడు దొరికింది అన్నదే మొత్తం లెక్క. అమెరికా వాళ్ళ లెక్కల ప్రకారం, రోగం పేగు దాటకముందే పట్టుకుంటే 5 ఏళ్ళ తర్వాత బతికుండేటోళ్ళు నూటికి 90 మంది దాకా ఉంటరు. లివర్‌కో ఊపిరితిత్తులకో పాకినాక పట్టుకుంటే నూటికి 15 మంది అటూ ఇటూ. అదే రోగం, అవే మందులు, అంతే తేడా. ప్రపంచం మొత్తంలో 2020 ఒక్క ఏడాదే 19 లక్షలకు పైగా మందికి ఇది కొత్తగా బయటపడింది, 9 లక్షలకు పైగా చనిపోయిండ్రు. మన దేశంలో పడమటి దేశాల కంటే తక్కువే. తక్కువ అంటే మన క్యాంపుకు రాదని కాదు.

"అది ముసలోళ్ళ రోగం" అనేటోళ్ళకు ఒక పేరు చెప్తా. బ్లాక్ పాంథర్ సినిమా హీరో చాడ్విక్ బోస్‌మన్. 2016లో ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ మూడో స్టేజీలో బయటపడింది, 2020 ఆగస్టులో చనిపోయిండు. వయసు 43. ఈ పోస్టు చదివేటోళ్ళలో సగం మంది వయసు అదే. ఫుట్‌బాల్ పీలే సంగతి ఖతార్‌లో ఉన్నోళ్ళకు యాదికి ఉంటది. 2022లో అక్కడ వరల్డ్ కప్ ఆడుతున్నప్పుడు ఆయన ఇదే రోగంతో ఆస్పత్రిలో ఉన్నడు, ఫైనల్ అయిన 11 రోజులకు పోయిండు. ఆయనకు గడ్డ 2021లో మామూలు చెకప్‌లో దొరికింది. కరోనా వల్ల అంతకుముందు ఏడాది ఆ చెకప్ జరగలేదు. అంత పెద్దాయనకే ఒక చెకప్ తప్పింది. మనకు అసలు చెకప్ అన్నదే లేదు.

లేదంటే కొందరికి కోపం వస్తది. "వీసా మెడికల్ ఐతున్నది కదా, ప్రతిసారి ఫిట్ అనే వస్తున్నది" అంటరు. ఊర్ల ఉన్నప్పుడు గామ్కా మెడికల్, ఇక్కడ వీసా రెన్యూవల్ మెడికల్, ఏ మెడికల్ అయినా అది మన కోసం చేసేది కాదు. ఎయిడ్స్ ఉందా, టీబీ ఉందా, ఇంకొకరికి అంటుకునే రోగం ఉందా అని ఈ దేశం తన జాగ్రత్త కోసం చూసుకునేది. నెత్తురు తీస్తరు, ఛాతీ ఎక్స్‌రే తీస్తరు. పేగు దాకా ఎవరూ రారు. పేగు క్యాన్సర్ రెండో స్టేజీలో ఉన్న మనిషి కూడా వీసా మెడికల్‌లో ఫిట్ అని వచ్చేస్తడు. ఆ కాగితం చూపించి ధైర్యంగా ఉండేటోళ్ళను చూస్తే ఏం చెప్పాలో తెలియదు.

ఇంకో ధైర్యం నొప్పి లేదనేది. "నెత్తురు పడుతున్నది గానీ నొప్పి ఏం లేదన్నా." నొప్పి లేకుంటే మంచిదని ఎవరు చెప్పిండ్రు? చర్మం చీలితే బాగా నొప్పి ఉంటది, అది ప్రాణం తీసేది కాదు. పేగు క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. నొప్పి వచ్చేదాకా ఆగుడంటే అది ముదిరేదాకా ఆగుడే.

నెత్తురు అందరికీ కంటికి కనిపించదు కూడా. మన క్యాంపుల్లో పొద్దున నాలుగు గంటలకు బాత్రూం పరిస్థితి మీకు తెలుసు. బయట క్యూ, తలుపు మీద దబదబ, లోపల బల్బు పోయి వారం. నీళ్ళు కొట్టి బయటపడుడే తప్ప చూసుకునేటోడు ఎవడు? సైటులో డబ్బా లెట్రిన్ అయితే ఇంక చెప్పక్కర లేదు, ఊపిరి బిగబట్టి పోతం. మరి పేగు కుడివైపు గడ్డ ఉంటే నెత్తురు దొడ్డిలో కలిసిపోయి రంగు కూడా తెలియదు. కొంచెం కొంచెంగా నెలల తరబడి పోతది. మనిషి పాలిపోతడు. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ. నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ, ఐరన్ తక్కువ అని వస్తది. క్లినిక్‌లో ఐరన్ మాత్రలు రాస్తరు. ఆడవాళ్ళకు నెల నెలా నెత్తురు పోతది కాబట్టి తగ్గొచ్చు. మీసాలున్న 45 ఏళ్ళ మగోడికి, రోజూ పప్పు కోడిగుడ్డు తినేటోడికి, నెత్తురు ఎటు పోతున్నది? ట్యాంకు లీకు ఎక్కడో చూడకుండా మోటార్ ఆన్ చేసి పెట్టినట్టు ఐరన్ మాత్రలు మింగుతున్నం. మాత్రలు వద్దని నేను అనను. ఎందుకు తగ్గింది అని అడగకుండా మింగుడు తప్పు అంటున్న.

ఇక్కడ నేను నాలాంటి సూపర్‌వైజర్లకు, ఫోర్మన్లకు ఒక మాట చెప్పాలి. వాళ్ళకు నచ్చదు. పాత ప్రాజెక్టు సంగతి, కంపెనీ పేరు అనవసరం. రాడ్ బైండింగ్ చేసే మనిషి, జగిత్యాల వైపు, 46 ఏళ్ళు. స్టీల్ మోసుకుని పరంజా ఎక్కితే పాతికేళ్ళ పోరగాళ్ళు వెనక పడేటోళ్ళు. రెండు ఎండకాలాలు నెత్తురు పడింది, ట్యూబు రాసుకున్నడు, ఊరి నుంచి ఏదో లేహ్యం వచ్చింది. తర్వాత మెత్తబడ్డడు. రెండో ఫ్లోర్‌కే ఆగి కూర్చునేది. బెల్టుకు రెండు కొత్త తూట్లు పొడిచిండు. అతని ఫోర్మన్ ఏం చేసిండో తెలుసా? మొత్తం గ్యాంగ్ ముందు కామ్‌చోర్ అన్నడు. ఓవర్‌టైం కోసిండు, హెల్పర్ పనికి పంపిండు. క్లినిక్‌కు పోతా అంటే, పోయిన పూట ఆబ్సెంట్ వేసిండు. క్లినిక్‌లో ఉన్నోళ్ళు రెండు పనడాల్, ఐరన్ మాత్రలు ఇచ్చి పంపిండ్రు, ఎన్ని రోజుల నుంచి అని కూడా అడగలేదు. ఒక రాత్రి కడుపు డోలు లెక్క ఉబ్బింది, గాలి కూడా పోలేదు, వాంతులు. నేను వేరే టవర్‌లో పని, రూంలు పక్కపక్కనే. అంబులెన్స్ ఎక్కించిన నలుగురిలో నేనొకడిని. గడ్డ పేగును పూర్తిగా మూసేసింది. అర్ధరాత్రి ఆపరేషన్ చేసి కడుపుకు సంచి పెట్టిండ్రు. లివర్‌కు అప్పటికే పాకింది. ఊరికి పంపిండ్రు, ఎనిమిది నెలలు ఉన్నడు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది అప్పుడు ఇంటర్.

అతను పోయినాక గ్రూపులో చందా లేసింది. అందరూ మంచిగనే ఇచ్చిండ్రు, ఆ ఫోర్మన్ కూడా ఇచ్చిండు. ఆ చందాలో చిన్న ముక్కతో రెండేళ్ళ ముందు పరీక్ష అయిపోయేది. మనం చావుకు చందా ఎంత తొందరగా వేస్తమో చూడండి, ఒక్క సాయంత్రంలో లిస్టు తయారు. బతికున్నోడిని క్లినిక్ దాకా తీసుకపోవాలంటే మనకు టైం ఉండదు. సర్కారు కూడా అంతే. గల్ఫ్‌లో చనిపోతే ఇంటికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ సర్కారు జీవో తెచ్చింది, మంచిదే, ఎన్నో ఏళ్ళు అడిగితే వచ్చింది. శవపేటిక వచ్చినాక ఇచ్చే 5 లక్షల కంటే, లీవు మీద వచ్చిన గల్ఫ్ కార్మికుడికి జిల్లా ఆస్పత్రిలో ఒక పరీక్ష పెడితే ఎంత బాగుండేదో ఏ లీడరూ అనడు.

మళ్ళీ ఫోర్మన్ల దగ్గరికి. నెలల నుంచి బాగా పని చేసిన మనిషి ఉన్నట్టుండి మెత్తబడితే అది బద్ధకం కాదురా బాబూ. బద్ధకస్తుడు మొదటి రోజు నుంచే బద్ధకస్తుడు, మనకు తెలియదా? మిషన్ సౌండు మారితే మెకానిక్‌ను పిలుస్తం. మనిషి మారితే కామ్‌చోర్ అంటం. మనకు టార్గెట్ ఉంటది, పైనోడు తిడతడు, అన్నీ నిజమే. ఒక మనిషి ఒక పూట క్లినిక్‌కు పోతే ఏ స్లాబూ ఆగదు.

కార్మికులకు తెలియాల్సింది ఏందంటే, ఇక్కడ ఎమిరేట్స్‌లో చట్టం మనవైపు కొంచెమైనా ఉన్నది. 2021లో వచ్చిన 33వ నంబరు కార్మిక చట్టం. ప్రొబేషన్ అయిపోయినోళ్ళకు ఏడాదిలో 90 రోజుల దాకా సిక్ లీవు ఉంటది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేదు. మూడు పని రోజుల లోపల కంపెనీకి చెప్పాలి, డాక్టర్ కాగితం ఇవ్వాలి. సిక్ లీవులో ఉన్న మనిషికి పనిలోంచి తీసేస్తున్నట్టు నోటీసు ఇవ్వరాదు. 90 రోజులూ అయిపోయినా పనికి రాలేకపోతే అప్పుడు తీసేయొచ్చు, అది కూడా లెక్క మొత్తం కట్టి. కాబట్టి "రోగం అని తెలిస్తే తెల్లారి టికెట్ కొడతరు" అనే మాట అందరికీ వర్తించదు. కొన్ని కంపెనీలు చట్టం దాటి చేస్తయి, నాకు తెలుసు. అప్పుడు దుబాయ్ కాన్సులేట్ వాళ్ళ ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉన్నది, అడగండి. అయినా ఒకటి ఆలోచించండి. మొదట్లో దొరికితే ఆపరేషన్ చేసుకుని మళ్ళీ పనికి వచ్చే అవకాశం ఉంటది. ముదిరినాక దొరికితే వీసా గురించి మాట్లాడుకునే పనే ఉండదు.

పైసల సంగతి. దుబాయ్ వీసా ఉన్నోళ్ళకు కంపెనీ ఇన్సూరెన్స్ కట్టాల్సిందే, 2013 చట్టం నుంచి. మన జీతాల్లోంచి కోయరాదు. మనలాంటోళ్ళకు ఇచ్చేది బేసిక్ ప్లాన్, ఏడాదికి 1,50,000 దిర్హాల లిమిట్. ఎంతమందికి తెలుసో గానీ, దుబాయ్ హెల్త్ అథారిటీ వాళ్ళు 2018లో బస్మా అని ఒక పథకం పెట్టిండ్రు. రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, మన ఈ పెద్దపేగు క్యాన్సర్, ఈ మూడూ అందులో ఉన్నయి. బేసిక్ ప్లాన్ ఉన్నోడికి ఈ రోగం బయటపడితే, లిమిట్ అయిపోయిందని మందు ఆపకుండా చూసుకోవడానికే అది. ఇన్ని ఏళ్ళలో ఏ క్యాంపు నోటీసు బోర్డు మీద కూడా దాని పేరు నేను చూడలేదు. ఇంట్లోంచి చెప్పులు బయట పెట్టకండి అని మాత్రం నాలుగు భాషల్లో అంటించి ఉంటది. షార్జా, అజ్మాన్, రాస్ అల్ ఖైమా వైపు వీసాలకు 2025 జనవరి నుంచి ఇన్సూరెన్స్ తప్పనిసరి అయింది, దాంట్లో ఏముందో వేరే లెక్క. మీ కార్డు వెనక నంబరు ఉంటది, ఫోన్ చేసి అడగండి, హిందీలో మాట్లాడతరు. సౌదీ, కువైట్, ఒమన్ రూల్స్ వేరే, అక్కడున్న అన్నలు కింద రాస్తే అందరికీ పనికొస్తది. ఖతార్‌లో 2016 నుంచి స్క్రీన్ ఫర్ లైఫ్ అని సర్కారు హెల్త్ సెంటర్ల కార్యక్రమం ఉన్నది, 50 నుంచి 74 ఏళ్ళ వాళ్ళకు పేగు పరీక్ష చేస్తరు.

ఏ లక్షణం లేకున్నా పరీక్ష మొదలుపెట్టే వయసు ఎమిరేట్స్‌లో 40, అమెరికాలో 2021 నుంచి 45 చేసిండ్రు, అంతకుముందు 50 ఉండేది. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా ఈ రోగం వచ్చి ఉంటే ఇంకా ముందే, ఎప్పుడో డాక్టర్ చెప్తడు. లక్షణం లేనోళ్ళకు సులువైన పరీక్ష ఒకటున్నది, దాని పేరు కూడా ఫిట్టే. మన వీసా ఫిట్ కాదు, ఇది వేరే. చిన్న పుల్లతో కొంచెం దొడ్డి తీసి డబ్బాలో పెట్టి ఇస్తే, కంటికి కనిపించని నెత్తురు ఉందా అని చూస్తరు. నెత్తురు ఉందని వస్తే కొలనోస్కోపీ చేయించుకోవాలి. అయితే కంటి ముందే నెత్తురు పడుతున్నోడు ఫిట్ బాగుందని ఊకోవద్దు. లక్షణం ఉన్నోడి దారి డాక్టర్ దగ్గరికే.

లక్షణం అంటే నెత్తురు ఒక్కటే అనుకోకండి. మూడు వారాలకు మించి దొడ్డికి పోయే తీరు మారితే, అంటే ఎప్పుడూ లేనిది విరేచనాలో మలబద్ధకమో, ఒకటి తర్వాత ఒకటో. పోయి వచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపిస్తే. కడుపు పట్టుడు, ఉబ్బుడు తగ్గకపోతే. తిండి తగ్గించకుండానే బరువు తగ్గితే. ఇందాక చెప్పిన నీరసం, ఆయాసం. వీటికి వేరే కారణాలు వందుంటయి, అన్నీ క్యాన్సరే అని భయపడే పని లేదు. తాగుడు, సిగరెట్టు, డబ్బాల్లో వచ్చే సాసేజ్ లాంటి మాంసం దీనికి తోడు చేస్తయి. కానీ అవేవీ ముట్టని భక్తుడికి కూడా వస్తది, నేను చూసిన మనిషి చాయ్ తప్ప ఏదీ తాగలేదు. కడుపు గట్టిగా ఉబ్బి, గాలి పోక, వాంతులైతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, అదే రాత్రి ఎమర్జెన్సీకి పోవాలి.

ఇప్పుడు అసలు అడ్డం. సిగ్గు. కొలనోస్కోపీ పేరెత్తితే రూంలో ఒకడు నవ్వుతడు, ఎనుక నుంచి పైపు పెడతరట అని. ఇంకొకడు బూతు జోక్ వేస్తడు. ఆ నవ్వుకు భయపడి మగోడు నెత్తురు పోయినా నోరు విప్పడు. నలభయ్యో ఫ్లోర్‌లో బెల్టు కట్టుకుని వేలాడేటోడికి ఈ పరీక్ష అంటే భయం. అక్కడ జరిగేది ఇంతే. ముందు రోజు గట్టి తిండి మానేసి నీళ్ళ పదార్థాలు తీసుకోవాలి, పేగు కడిగే మందు తాగాలి. ఆ రాత్రి బాత్రూం పక్కనే ఉండాల్సి వస్తది, నిజం చెప్పాలంటే కష్టం అదొక్కటే. రూంమేట్లకు ముందే చెప్పి పెట్టండి, క్యూలో దారి ఇస్తరు. పరీక్షప్పుడు మత్తు మందు ఇస్తరు, చాలామందికి ఏమీ యాదికి ఉండదు. అరగంట, ముప్పావుగంట పని. షుగర్ మందులు, నెత్తురు పలచబడే మందులు, ఐరన్ మాత్రలు వాడేటోళ్ళు ముందే డాక్టర్‌కు చెప్పాలి. మత్తు ఇచ్చిన రోజు బండి నడపొద్దు, పరంజా ఎక్కొద్దు, క్రేన్ మీద కూర్చోవద్దు, తోడు ఒకరు ఉండాలి. సంచి పెడతరేమో అని భయపడేటోళ్ళకు: పరీక్షకు సంచి పెట్టరు. ఆపరేషన్ అయిన వాళ్ళలో కూడా అందరికీ ఉండదు, కొందరికి కొన్ని నెలలు పెట్టి తీసేస్తరు. అసలు ఆ సంచికి భయపడేటోడే అందరికంటే ముందు పరీక్షకు పోవాలి.

క్లినిక్‌కు పోయినప్పుడు "కడుపు బాగలేదు సార్" అంటే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపుతరు. వాళ్ళ ముందు ఇంకో అరవై మంది కూర్చుని ఉంటరు. సూటిగా చెప్పండి: "లెట్రిన్ మే ఖూన్ ఆ రహా హై, ఇత్‌నే హఫ్తే సే. వజన్ కమ్ హువా. ఘర్ మే కిసీకో క్యాన్సర్ థా." ఎన్ని వారాలో లెక్కపెట్టుకుని పోండి. మొలలేమో అని మీ నోటితో మీరు అనకండి, అన్నరంటే అదే రాసుకుంటరు. బేసిక్ ప్లాన్‌లో జనరల్ డాక్టర్ రెఫరల్ రాస్తేనే పేగుల డాక్టర్ దగ్గరికి పోవచ్చు, కాబట్టి రెఫరల్ అడగండి. రాయకుంటే ఇంకో క్లినిక్.

ఇక్కడ కాకపోతే ఊర్ల. మనం రెండేళ్ళకోసారి లీవు పోతం. మొదటి వారం చుట్టాలు, దావత్‌లు, రెండో వారం పొలం పంచాయితీ, ఆఖరుకు పెట్టె కట్టే రోజు ఒళ్ళు యాదికొస్తది. పరీక్ష దిగిన వారంలోనే పెట్టుకోండి, ఎందుకంటే ముక్క తీసి బయాప్సీకి పంపితే రిపోర్టుకు కొన్ని రోజులు పడుతది. ఆఖరి వారం చేయిస్తే రిపోర్టు రాకముందే విమానం ఎక్కుతరు, తర్వాత ఆ కాగితం ఇంట్లో ఫ్రిజ్ మీద పడి ఉంటది. ఇంకో మోసం, టౌన్లల్ల ఫుల్ బాడీ చెకప్ అని బోర్డులు. 70 టెస్టులు, 80 టెస్టులు అంటరు, అన్నీ ఒక్క సీసా నెత్తురుతో చేసేవే. అది చేయించుకుని పేగు కూడా చూసిండ్రు అనుకోకండి. రోగం బయటపడితే హైదరాబాద్‌లో సర్కారు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నది, నిమ్స్ ఉన్నది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్‌లో 10 లక్షలు చేసిండ్రు, క్యాన్సర్ మందు అందులో ఉన్నది. ఆంధ్రా అన్నలకు ఎన్టీఆర్ వైద్యసేవ. రేషన్ కార్డులో మన పేరు తీసేసి ఉంటే ముందే సరిచేయించుకోండి, గల్ఫ్‌కు పోయిండని చాలామందివి తీసేసిండ్రు.

పొడి మెసేజ్ పంపినోళ్ళతో నాకు కొట్లాట లేదు. వాళ్ళు కూడా మంచి చేస్తున్నమనే అనుకుంటున్నరు. డాక్టర్ చూసి మొలలే అన్నాక ఏ మందు వాడుకుంటరో మీ ఇష్టం. చూడకముందు మాత్రం ఇకపై నా గ్రూపుల్లో ఆ మెసేజ్ ఎవరు పెట్టినా డిలీట్ చేస్తా, మూడోసారి పెడితే తీసేస్తా. తిట్టుకునేటోళ్ళు తిట్టుకోండి.

మా క్యాంపు వాళ్ళకు. ఈ సంగతి రూంలలో చెప్పినాక ఇద్దరు చెవుల చెప్పిండ్రు, వాళ్ళ పేర్లు ఎవరికీ చెప్పను. ఈ ఆదివారం వాళ్ళను తీసుకుని క్లినిక్‌కు పోతున్న. బండిలో ఇంకో ఇద్దరికి జాగా ఉన్నది. ఎందుకు పోతున్నమని అడిగితే పళ్ళ డాక్టర్ దగ్గరికి అని చెప్పుకోండి. పొద్దున 9 గంటలకు వెనక గేటు దగ్గర, బతాకా, ఇన్సూరెన్స్ కార్డు రెండూ తెచ్చుకోండి.